ఏ మొగదాన్ని జత చేసినారు?

ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే తెచ్చుకోండి, అనపకాయలు ఒలుచుకుంటూ కూడా వినొచ్చు. మామూలుగా నేను నెమ్మదిగా చెప్పే మనిషిని. మా గని కూలీల లైను ఇళ్లల్లో సగం మంది పిల్లలు నా కథలు వింటూ అన్నం తిన్నవాళ్లే. కానీ ఈ ఒక్క సంగతి నెమ్మదిగా చెప్పడం నాకు చేతకాదు. గొంతు పైకి లేస్తే అది మీ మీద అనుకోకండి.

నేను చదివింది నాలుగో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను. కానీ చూసింది మరిచిపోను, విన్నది అసలే మరిచిపోను. నా కోడలిని ఐదేళ్లపాటు ఎవరు ఏ రోజు ఏ మాట అన్నారో, ఆ మాట అన్నప్పుడు వాళ్లు ఏ చీరలో ఉన్నారో కూడా చెప్పగలను. నేను నోరు మూసుకుని ఊరుకున్న రోజులు కూడా గుర్తున్నాయి. అసలు మంట అక్కడే.

మాది కోలారు బంగారు గనుల్లోని చాంపియన్ రీఫ్స్. నా మొగుడి తాత చిత్తూరు వైపు పల్లె నుంచి బంగారు గనిలో పనికి వచ్చాడు. మూడు తరాలు భూమి కిందికి దిగారు. గని మూతపడింది, కొన్నేళ్లకు నా మొగుడూ పోయాడు. అప్పటికి నా కొడుకు ఇంకా బడికి పోతున్నాడు. నేను బంగారుపేట అవతల, పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే గ్రైనేజులో కూలికి చేరాను. పొద్దున్నే రైలెక్కి బంగారుపేటలో దిగడం, అక్కడి నుంచి ఆటోలో పోవడం. పద్నాలుగేళ్లు ఆ పని చేశాను.

ఆ పని ఏమిటో చెబితే గానీ నా కోపం మీకు అర్థం కాదు.

పట్టు రైతుకు గుడ్లు కావాలి. వాటి కోసం మేము మంచి గూళ్లు ఏరి తట్టల్లో పరిచేవాళ్లం. లోపలి పురుగు రెక్కలు తొడుక్కుని, గూటి కొస తడిపి, తెల్లవారేసరికి బయటికి వస్తుంది. ఆడది లావుగా ఉంటుంది. కడుపు నిండా గుడ్లతో వచ్చినచోటే కూర్చుంటుంది. మగది సన్నం. రెక్కలు టపటపలాడిస్తూ తట్టంతా గిరగిరా తిరుగుతుంది. రెండూ ఎగరలేవు, రెండూ ఏమీ తినవు. ఉన్న నాలుగు రోజుల్లో వాటికి ఒకటే పని.

ఒక జాతి ఆడదానికి ఇంకో జాతి మగదాన్ని జత చేస్తాం. రెండు జాతులు కలిస్తే పుట్టేది గట్టిగా ఉంటుంది, రోగానికి ఓర్చుకుంటుంది. మూడు నాలుగు గంటలు అలా వదిలి, తర్వాత విడదీస్తాం. లాగకూడదు. వేళ్లతో కొంచెం మెలితిప్పి, నొప్పించకుండా తీయాలి. ఆడదాన్ని కాగితం మీద పెట్టి పైన నల్లటి గిన్నె బోర్లిస్తాం. ఆ చీకట్లో అది గుడ్లు పెడుతుంది. మర్నాటికి కాగితం మీద నాలుగు వందల దాకా ఆవగింజల్లాగా గుండ్రంగా అతుక్కుని ఉంటాయి. అప్పుడు ఆ తల్లిని నూరి, అద్దం కింద పెట్టి చూస్తారు. దానికి రోగం ఉంటే గుడ్లకూ ఉంటుంది కాబట్టి ఆ కాగితం కాల్చేస్తారు. చూడండి, అక్కడ కూడా చచ్చాక పరీక్ష ఆడదానికే!

మగదాన్ని మాత్రం పారేయరు. చల్లని పెట్టెలో పెట్టి మర్నాడు ఇంకో ఆడదానికి జత చేస్తారు. మామూలుగా రెండుసార్లు. మగవి తక్కువ పడిన రోజు మూడోసారి కూడా. చిక్కు వచ్చేది అక్కడే. మగదానితో సరిగ్గా కూడిన గుడ్డు రోజులు గడిచేకొద్దీ రంగు తిరుగుతుంది, లోపల పిల్ల తల చుక్కలాగా కనబడుతుంది. కూడని గుడ్డు మొదటి పసుపుపచ్చ రంగులోనే ఉండిపోయి, నడుమ గుంట పడి, ఎండిపోతుంది.

నేను చేరిన మొదటి ఏడాదే నా చేతి కింది కాగితం ఒకటి మొత్తం పచ్చగా ఉండిపోయింది.  మా సూపర్‌వైజరు నెరిసిన మీసాల పెద్దమనిషి. ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఆడది మంచిది కాదేమో సార్," అన్నాను.

"ఆడది పెట్టాల్సింది పెట్టింది గదమ్మా. ఇన్ని గుడ్లు నీ ముందర పెట్టి పోయింది. ఇంగ దాన్ని అంటావేమి? ఏ మొగదాన్ని జత చేసినారు? ఎన్నోసారిది అది?"

నా పక్కన కూర్చునే ఆవిడ తల దించుకునే చెప్పింది. "మూడోసారిది సార్. పాపం, తట్టలో కునుకు తీస్తా ఉండె."

అందరం పడీపడీ నవ్వాం. సూపర్‌వైజరూ నవ్వాడు. తర్వాత పద్నాలుగేళ్లలో ఎన్నిసార్లు కాగితం పచ్చబడినా అక్కడ మొదటి ప్రశ్న అదే. ఏ మొగదాన్ని జత చేసినారు? మీసాలున్న మగవాళ్లు సిగ్గులేకుండా, కోపం లేకుండా, మామూలుగా అడిగే ప్రశ్న. నేను దాన్ని చెవులారా విని, రైలెక్కి, ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, నా ఇంట్లో ఒక్కసారి కూడా అడగలేదు. నా బుద్ధిని చెప్పు తీసుకుని కొట్టాలి.

కోడలి సంగతి చెబుతాను. కోలారుకు అవతల ఒక పల్లె పిల్ల. వాళ్ల నాయనకు మల్బరీ తోట ఉంది. సైన్సులో డిగ్రీ చేసింది. మా ఇంటికొచ్చిన ఏడాదే ముందు గదిలో చాప పరిచి లైన్లో పిల్లలకు ట్యూషను మొదలుపెట్టింది. నా కొడుకు తెల్లారక ముందే మారికుప్పం రైల్లో బెంగళూరుకు పోయి, ఫ్యాక్టరీలో పని చేసుకుని, చీకటి పడ్డాక వస్తాడు. ఇంట్లో ఉండేది నేనూ ఆ పిల్లా. సాయంత్రం నేను పని నుంచి వచ్చి బియ్యం ఏరుకుంటూ దాని పాఠాలన్నీ వినేదాన్ని. నాలుగో తరగతితో ఆగిపోయిన నా చదువు మళ్లీ అక్కడే మొదలైంది.

ఒకరోజు హైడ్రా అనే పురుగు గురించి చెబుతోంది. చెరువు నీళ్లల్లో ఆకులకు అతుక్కుని ఉంటుందట, దారప్పోగంత. దాని ఒంటి పక్కన చిన్న మొటిమ లేస్తుంది. ఆ మొటిమ పెద్దదై, చేతులు మొలిచి, తల్లి నుంచి ఊడి, తన బతుకు తాను బతుకుతుంది.

"మరి దానికి నాయన ఎవురక్కా?" అని అడిగాడు ఒక పిల్లోడు.

"నాయన లేడు. ఒక్కటే రెండవుతాది."

"పెళ్లి లేకుండానే?"

పిల్లలంతా కిసుక్కున నవ్వారు. కోడలూ నవ్వింది. "కాలం బాగుండేటప్పుడు అట్ల. నీళ్లు చల్లబడి కష్టకాలం వస్తే అదీ ఆడా మొగా దారికి వస్తాది. ఆ గుడ్డుకి గట్టి పెంకు ఉంటాది, చలి తట్టుకుంటాది. వానపాముంది చూడు, దాని ఒంట్లో ఆడా మొగా రెండూ ఉండాయి. అయినా అది ఒక్కటే ఏమీ చేయలేదు. ఇంకోదాన్ని కలవాల్సిందే. మల్బరీకి అయితే కొమ్మ కోసి నాటితే చాలు. మా నాయన తోటంతా అట్ల నాటిందే, విత్తనం ఒక్కటి వెయ్యలేదు."

ఆ సమయానికి మా వదిన గుమ్మంలో ఉంది. వదిన అంటే నా మొగుడి అక్క, బంగారుపేటలో ఉంటుంది. తమ్ముడు పోయాక మా ఇంటికి పెద్దదిక్కు తానే అని ఆవిడ నమ్మకం. ఆకుపచ్చ అంచు పసుపు చీరలో ఉంది. చెప్పులు విడుస్తూ, పిల్లల ముందే అంది:

"బాగుండాది పాఠం! పెండ్లి లేని పురుగులకేమో పిల్లలంట. పెండ్లయి మూడేండ్లయినోళ్లకి మాత్రం యాడ?"

పిల్లలకు సగం అర్థమైంది. నా కోడలికి మొత్తం అర్థమైంది. "మళ్లీ చదవండి," అని పుస్తకం వైపు తల వంచింది. నేను కాఫీ కలపడానికి లోపలికి పోయాను. పోయానా! కాఫీ కలిపానా! పంచదార రెండు చెంచాలు వేసి ఇచ్చానా ఆ నోటికి!

అప్పటికే ఆ పిల్ల మూడు ఆసుపత్రులు తిరిగింది. ఎన్నిసార్లు రక్తం తీశారో. లోపలికి మందెక్కించి ఫోటో తీసే పరీక్ష ఒకటి ఉంది, దాని నొప్పికి పళ్లు బిగబట్టి నా చెయ్యి పట్టుకుంటే దాని గోళ్లు దిగి రక్తం వచ్చింది. మూడు చోట్లా ఒకటే చెప్పారు. అమ్మాయికి ఏ లోపమూ లేదు, ఒకసారి మీ ఆయన్ని తీసుకురండి అని. మూడు చోట్లా మగవాడికి చేయాల్సిన పరీక్షకు చీటీ రాసిచ్చారు. ఆ మూడు చీటీలూ నా కొడుకు చేతికి వచ్చాయి, మూడూ బీరువాలో చీరల కింద చేరాయి.

"నాకేముండాది? బాగానే ఉండాను గదా," అనేవాడు. "లీవు దొరకదు," అనేవాడు. నేను అలాగేలే అనుకున్నాను. కడుపున పుట్టినవాడిని అనుమానించడానికి మనసొప్పలేదని చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ అనుమానమే నాకు రాలేదు. పురుగు విషయంలో నా నోటికి అలవాటైన ప్రశ్న మనిషి విషయంలో నా బుర్రకే తట్టలేదు.

నాలుగో ఏడు వదిన పెద్దకూతురి పెళ్లి వచ్చింది. మా వాళ్లలో పెళ్లికి ముందు పందిట్లో పాలకొమ్మ నాటుతారు. పాలు కారే చెట్టు కొమ్మ, అత్తికొమ్మ. పిల్లల్ని కన్న ఆడవాళ్లు ఐదుగురు, మొగుడు పోయినవాళ్లయినా అడ్డులేదు, పసుపూ కుంకుమా పెట్టి, గుంతలో పాలు పోసి, తలా ఒక చెయ్యి వేసి నిలబెడతారు. ఐదో ఆవిడ ఇంకా రైలు దిగలేదు. ముహూర్తం దాటుతోందని అందరూ కంగారు పడుతుంటే, కొమ్మ పక్కకు ఒరగబోయింది. దగ్గర్లో ఉన్న నా కోడలు గబుక్కున చెయ్యి చాచింది.

వదిన ఆ చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగింది.

"నువ్వొద్దులేమ్మా. నువ్వు పోయి వంటోళ్లకి కాఫీ చూడు."

నలభై మంది ముందు. గట్టిగా కూడా అనలేదు, తీపిగానే అంది. నా కోడలు చేతికి అంటిన పసుపును కొంగుకు తుడుచుకుని, నిజంగానే పోయి వంటవాళ్లకు కాఫీ చూసింది. నేను ఆ ఐదుగురిలో ఒకదాన్ని. నా చెయ్యి ఆ కొమ్మ మీదే ఉంది. తీయలేదు.

ఇప్పుడు మీరే చెప్పండి. ఆ కొమ్మకు విత్తు ఉందా, తల్లి ఉందా, తండ్రి ఉన్నాడా? ఒక చెట్టు నుంచి నరికిన ముక్క. తడి తగిలితే కణుపు దగ్గర వేరు తన్నుతుంది, లేకపోతే ఎండుతుంది. ఎవరి కడుపు పండిందో, ఎవరిది పండలేదో దానికెందుకు? మల్బరీ కొమ్మలు నాటే తోటలో పుట్టి పెరిగిన పిల్లను పట్టుకుని, నీ చెయ్యి తగిలితే కొమ్మ చిగురించదు అంటారా!

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆ పిల్ల ఒకటే మాట అంది. "అత్తా, నేను మా నాయన తోటలో ఎన్ని వేల కొమ్మలు నాటింటానో తెలుసా?" అంతే. 

ఐదో ఏడు, ఒక ఆదివారం, వదిన సపోటాలు పట్టుకుని వచ్చింది. కోడలు అంగడికి పోయి ఉంది. నా కొడుకు మంచం మీద ఫోను చూసుకుంటున్నాడు. వదిన నా పక్కన కూర్చుని, సపోటా ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టి, విషయంలోకి వచ్చింది.

"ఇంగ ఎన్ని దినాలు చూస్తావు? మా తమ్ముడి పేరు నిలబడాల గదా. నా చిన్నదానికి ఇరవై రెండు వచ్చె. మేనమామ కొడుకు, హక్కు ఉండాది. ఆ పిల్లని ఎల్లగొట్టమని నేను అనను, పాపం. పేపర్ల మీద సంతకం పెట్టి మర్యాదగా పుట్టింటికి పోతాది. వచ్చే నెల మొదటి ఆదివారం ఆ పిల్ల నాయన్ని పిలిపించు. మేము నలుగురం పెద్దోళ్లం వస్తాము. కూర్చోని మాట్లాడదాం."

నేను కొడుకు వైపు చూశాను. ఫోను మీద వేలు కదులుతూనే ఉంది. వద్దు అనలేదు. కూడదు అనలేదు. 'ఆ పిల్ల నా పెండ్లాము' అనలేదు. సపోటా నా చేతిలో పిండి పిండిగా నలిగింది.

వదిన పోయాక లేచి బీరువా తెరిచాను. చీరల కింది నుంచి మూడు చీటీలూ తీసి వాడి ఫోను మీద పెట్టాను.

"ఇదేందిమా?"

"చదువు. చదువుకున్నోడివి గదా."

వాడు చూసి పక్కన పెట్టాడు. "ఇప్పుడు ఇది ఎందుకు?"

"రెండో పెండ్లికి ఊ అన్నట్ల కూర్చున్నావే, అందుకు. రేపు ఆ చిన్నదానికి కూడా కాన్పు రాకపోతే మూడోదాన్ని తెస్తారా? గ్రైనేజులో గుడ్లు పచ్చబడితే మొదట ఏమి అడుగుతారో తెలుసా నీకు?"

"అమ్మా, నన్ను పురుగుతో పోలుస్తాండావా?"

"లేదప్పా. పురుగు ఎంతో మేలు. అది తనకేమీ తెలీదని ఊరుకుంటాది. నువ్వు అన్నీ తెలిసి ఊరుకున్నావు. ఆ పిల్ల మూడు చోట్ల బల్లెక్కి పండుకునింది. నువ్వు ఒక్కసారి ఒక సీసా పట్టుకుని ఒక గదిలోకి పోలేకపోతివి!"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "గట్టిగా అరవద్దు, పక్కింటోళ్లు వింటారు."

"విననీ! దాన్ని అన్నప్పుడు పక్కింటోళ్లు వినలేదా? ఈ వారంలో నువ్వు పోకపోతే, ఈ చీటీలు పట్టుకుని నేనే బంగారుపేట పోతా. నీ మరదలి చేతిలోనే పెడతా. 'తల్లీ, వీడిని ఇంతవరకు ఏ డాక్టరూ చూడలేదు, చూసుకుని చేసుకో' అని చెప్పొస్తా."

కోడలు గుమ్మంలో కూరగాయల సంచితో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో. సంచి కింద పెట్టి, నా చేతికి అంటిన సపోటా గుజ్జును నీళ్లు పోసి కడిగింది. 

గురువారం లీవు దొరికింది. ఐదేళ్లలో దొరకని లీవు.

కోలారులో పరీక్ష. ముగ్గురం పోయాం. రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ పిలిచి కాగితం చూపించింది. బీజం చాలా తక్కువ ఉంది, ఉన్నదాంట్లో కదలిక లేదు అని. చిన్నప్పుడు ఏమైనా పెద్ద జబ్బు చేసిందా అని అడిగింది. వాడు లేదన్నాడు. నాకు గుర్తుంది. పీయూసీ మొదటి ఏడు, పదహారేళ్లప్పుడు, గవదబిళ్లలు వచ్చాయి. దవడలు వాచాయి, నాలుగో రోజుకు కింద కూడా వాచి, నడవలేక గోడ పట్టుకుని ఏడ్చాడు. సిగ్గుపడి డాక్టరుకు చూపించనివ్వలేదు. నేను వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టాను.

"దాని వల్ల కావచ్చు, కచ్చితంగా చెప్పలేము," అంది డాక్టరమ్మ. "మందులు వాడి చూద్దాం. వేరే దారులూ ఉన్నాయి. ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చారు?"

నా కొడుకు మందుల చీటీ తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాడి తప్పని నేను అనడం లేదు. జబ్బు చేయడం ఎవరి తప్పూ కాదు. ఎండిన గుడ్డుకు ఆ మగ పురుగును కూడా మేము ఎవరమూ తిట్టలేదు. కానీ ఆ పిల్లది కాని లోపాన్ని ఐదేళ్లు దాని నెత్తిన పెట్టి, అది మోస్తుంటే పక్కన నడిచాడే, అది తప్పు. వాడిదీ, నాదీ.

బస్టాండులో వాడు కోడలితో నసుగుతూ అన్నాడు. "మందులు వాడతానులే. నువ్వేమీ అనుకోవద్దు."

"మందు మీ ఇష్టం," అంది ఆ పిల్ల. "నాకు ఒక మాట కావాల. ఐదేండ్లు మీ వాళ్లు నన్ను అన్నిందంతా నలుగురి ముందరే అన్నారు. ఆదివారం ఆ నలుగురూ వస్తాండారు, మా నాయనా వస్తాండాడు. మీ నోటితో మీరే చెప్పండి. అత్త చెప్పకూడదు. మీరు చెప్పలేకపోతే నన్ను ఎవురూ పంపాల్సిన పని లేదు, నేనే పోతా."

ఆదివారం వచ్చింది. వదినా, ఆమె మొగుడూ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులూ కుర్చీల్లో కూర్చున్నారు. కోడలి నాయన, తోటలో నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, గోళ్లలో మట్టి అలాగే ఉంది. వదినే కబురు పెట్టింది; ఎందుకు పిలిచారో తెలిసిపోయి, చాప అంచున దొంగలాగా కూర్చున్నాడు. ఏ నేరం చేశాడని ఆయన అలా కూర్చోవాలి? 

వదిన గొంతు సవరించుకుంది. "మీ పిల్ల మంచిదేనప్పా. మేము ఏమీ అనము. కానీ పండని చేను పెట్టుకుని ఎన్ని దినాలు..."

నా కొడుకు లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి, మళ్లీ తీశాడు.

"అత్తా, ఆ పిల్లకేమీ లేదు. పరీక్ష చేయించుకున్నా. లోపం నాది. ముందే చూపించుకోమని డాక్టర్లు చెప్పినారు, నేనే పోలేదు. ఐదేండ్లు దాన్ని మాటలు పడనిచ్చినా." తర్వాత మామ వైపు తిరిగి, "మామా, తప్పయింది," అన్నాడు. 

 మొదట తేరుకున్నది వదిన.

"సుమ్నే ఉండు, నోరు మూసుకో! మొగపిల్లోడు అట్ల మాట్లాడకూడదు. యాడా బయట చెప్పొద్దండి. ఏమున్నా దేవుడి చిత్తం. ఇద్దరూ అన్యోన్యంగా ఉంటే సాలదా? బిడ్డలు లేనోళ్లు లోకంలో లేరా?"

విన్నారా? ఐదేళ్లు పండని చేను. ఒక్క నిమిషంలో దేవుడి చిత్తం!

అప్పుడు నేను లేచాను. "వదినా, మాట ఎందుకు మారుస్తావు? పెద్దోళ్లంతా ఉండారు, పని కానిద్దాం. ముందు ఇది చెప్పు, నీ చిన్నదాన్ని వీడికి ఇస్తావా ఇప్పుడు?"

"దానికి వేరే సంబంధం చూస్తాండాము," అంది, నా వైపు చూడకుండా.

"సరే. మరి నా కోడలికి వేరే మొగుణ్ణి చూద్దామా? నీకు సంబంధాలు బాగా తెలుసు గదా. వీడిని ఎల్లగొట్టమని నేను అనను, పాపం. సంతకం పెట్టి మర్యాదగా పక్కకి పోతాడు."

"ఏమి మాటలు అవి! కన్నతల్లివేనా నువ్వు?"

"కన్నాను కాబట్టే అడుగుతాండా. ఆడదానికి లేదంటే మొగోడికి ఇంకో పెండ్లి. మొగోడికి లేదంటే ఆడదానికి ఏమి? చెప్పండప్పా పెద్దమనుషులు, మీరైనా చెప్పండి."

పెద్దమనుషుల్లో ఒకాయన రైలుకు టైమైందన్నాడు. వాళ్ల రైలుకు ఇంకా గంటన్నర ఉంది, ఆ బండిలో పద్నాలుగేళ్లు తిరిగిన దాన్ని, నాకు తెలియదా? వదిన కాఫీ కూడా తాగకుండా చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటేటప్పుడు నా కోడలి చెయ్యి పట్టుకోబోయింది. ఆ పిల్ల చెయ్యి ఇవ్వలేదు. కొట్టినట్టు కాదు, గట్టిగా కూడా కాదు, చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడింది, అంతే.

వాళ్లు పోయాక కోడలి నాయన లేచాడు. కళ్లు తుడుచుకుని, "వస్తావా అమ్మా నాతో?" అని అడిగాడు.

"వస్తా నాయనా," అంది.

 నా కొడుకు, చెప్పాల్సింది చెప్పాను కదా, ఇంకా ఏమిటి అన్నట్టు నా వైపు చూశాడు.  చెప్పాల్సిన మాట చెప్పినంత మాత్రాన ఐదేళ్లు చెరిగిపోతాయా? చెరగవు.

ఆ పిల్ల బట్టలు సర్దుకుని వచ్చి నా ముందు నిలబడింది. "పంపిస్తే పోవడం లేదత్తా. నేనే పోతాండా. రావాలనిపించిన దినం నేనే వస్తా. ట్యూషను పిల్లోళ్లకి లెక్కలు మాత్రం ఆపొద్దు, ఆయనకి వస్తాయి, చెప్పమనండి."

పద్దెనిమిది రోజులు ఉంది. ఆ పద్దెనిమిది రోజులూ నా కొడుకు రైలు దిగి, ముఖం కడుక్కుని, చాప మీద కూర్చుని పిల్లలకు లెక్కలు చెప్పాడు. పంతొమ్మిదో రోజు ఆ పిల్ల వచ్చింది. దానికి రావాలనిపించి వచ్చింది. ఇద్దరూ ఇంకా పూర్తిగా కలిసిపోయారని నేను చెప్పను. మాట్లాడుకుంటారు, ఒక్కోరోజు మాట్లాడుకోరు. మందులు నడుస్తున్నాయి. ఇప్పుడు ఆసుపత్రికి లీవు వాడే అడిగి పెట్టుకుంటాడు.

బిడ్డ కలిగిందా అని అడగాలని మీ నాలుక కొసన ఉంది, నాకు తెలుసు. చెప్పను. కలిగిందంటే చివరికి అంతా మంచికే అయింది అంటారు. లేదంటే అయ్యో పాపం అంటారు. నాకు రెండూ వద్దు. ఆ పిల్ల నా ఇంట్లో తలెత్తుకుని ఉంది. మీరు అడగాల్సింది అదే, నేను చెప్పాల్సిందీ అదే.

ఇంక లేవండి, చాలాసేపు కూర్చోబెట్టాను. మీ ఇంటి పొయ్యి ఏ పూటా చల్లబడకుండా ఉండాలి. మీ ఇంటికొచ్చిన పిల్ల తన పుట్టింట్లో నవ్వినట్టే మీ ఇంట్లోనూ నవ్వాలి. మీ ఇంటి మగవాళ్లకు తమ సంగతి తామే చెప్పుకునే నోరు ఉండాలి, మీ ఇంటి పెద్దవాళ్లకు అడగాల్సినప్పుడు అడిగే నోరు నాకన్నా ముందుగా రావాలి. పిల్లలున్నా, లేకపోయినా, మీ గడప చల్లగా ఉండాలి.